వాననీళ్ళ జాడింపు

నాకూ మా తోడికోడలికీ పడదు. ఈ మాట ముందే చెప్పేస్తే, తర్వాత ఎవరూ నన్ను నిలబెట్టి "అంత మంచిదాన్ని అలా ఎలా చేశావమ్మా" అని అడగక్కర్లేదు. మంచిదే, నేనెప్పుడు కాదన్నాను? మంచివాళ్ళని చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది. ఆవిడగారు పని చేస్తూ కూనిరాగం తీస్తుంది. కోప్పడితే నవ్వుతుంది. తిడితే, నా తిట్లు అయ్యేదాకా ఆగి, "ఇంకో బకెట్ తేనా అక్కా" అంటుంది. పోట్లాటకి రాని మనిషితో పదకొండేళ్ళు ఒకే కప్పు కింద బతకడం ఎంత కష్టమో పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

మాది లాండ్రీ. ముందుగదిలో కౌంటరు, వెనకగదిలో రెండు ఇస్త్రీ బల్లలు, దాని వెనక రేకుల షెడ్డు. షెడ్డులో నీళ్ళు కాచే రాగి కాగు, మూడు సిమెంటు తొట్లు, బట్టలు పిండే మర. డాబా మీద ఆరేసే తీగలు ఎనిమిది. కౌంటరు నాది, బట్టలకి గుర్తులు కుట్టడం నాది, ఎవరైనా పేచీకి వస్తే నోరు చేసుకోవడమూ నాదే. ఇస్త్రీ మా ఆయనది. తెల్లబట్టలు ఉతకడం మా తోడికోడలిది. మా మరిది కొన్నాళ్ళు మూటలు మోశాడు గానీ, కొండ కింద రాగి కరిగించే కంపెనీలో ఉద్యోగం దొరకగానే మూట దింపేసి అటే పోయాడు.

మా వీధి కుళాయి నీళ్ళు గట్టివి. సబ్బు ఒక పట్టాన నురగదు, ఆరిన దుప్పటి అట్టముక్కలా నిలబడుతుంది. అందుకని మా అత్తగారు ఒక ఏర్పాటు చేసింది. షెడ్డు చూరుకి దోనె తగిలించి, రేకుల మీద పడ్డ వాననీళ్ళన్నీ గొట్టంలోంచి మూలనున్న పెద్ద తొట్టిలోకి వచ్చేలా పెట్టింది. ఉతకడం ఏ నీళ్ళతో ఉతికినా, తెల్లబట్టకి చివరి జాడింపు మాత్రం వాననీళ్ళలోనే. అది ఆవిడ శాసనం. పోయేముందు కొడుకులిద్దరూ మంచం పక్కన నిలబడి ఉంటే వాళ్ళని వదిలేసి నావైపు తిరిగి "తొట్టి జాగ్రత్త" అంది. కొడుకుల మీద ఆవిడకి పెద్ద ఆశలుండేవి కావు లెండి.

ఆ జాడింపుతోనే మాకు పేరొచ్చింది. వీధి చివర ఆసుపత్రి దుప్పట్లు ఇరవై ఏళ్ళుగా మాకే వస్తున్నాయి. కోత పడ్డ ఒంటికి మా దుప్పటి ఒరుసుకోదని నర్సులు చెప్పుకునేవారు.

కంపెనీవాళ్ళు రెండో కొలిమి పెట్టి, దానికి ఇంకో పొడుగాటి పొగగొట్టం లేపిన ఏడాదిలో కొన్ని జరిగాయి. అన్నీ చూశాను, ఒక్కదాన్నీ పట్టించుకోలేదు. కొండ మీద చెట్లు పైకొమ్మల నుంచి ఎండుకుంటూ వచ్చాయి. షెడ్డు రేకులకి మేకుల చుట్టూ తుప్పు తినేసి కన్నాలు పడ్డాయి. తొట్టి కింద ఇత్తడి కుళాయికి పచ్చగా మకిలి పట్టింది. తొట్టి గోడకి ఎప్పుడూ ఉండే పాచి ఊడిపోయింది. నాలుగు చినుకులు పడితే చాలు, తొట్టిలో చేరి గోల పెట్టే కప్పలు ఒక్కటీ రాలేదు. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున సూది పడినా కనిపించేది. నా సంబరం ఇంతా అంతా కాదు. వచ్చినవాళ్ళనల్లా షెడ్డులోకి లాక్కెళ్ళి "చూడండి మా నీళ్ళు" అని చూపించాను. నీళ్ళలో బతికేది ఏదీ మిగలకపోతే అవి తేటగానే ఉంటాయని నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినేదాన్ని కాదు.

చెప్పాల్సిన మనిషి ఇంకోలా చెప్పింది. ఒకరోజు మా తోడికోడలు సబ్బు చేతులతోనే కౌంటరు దగ్గరికి వచ్చింది.

"అక్కా, వాననీళ్ళలో ఏదో తేడా వచ్చింది. సబ్బు నురగట్లేదు. విరిగిన పాలల్లే ముక్కలు తేలుతోంది."

"నువ్వు తెచ్చిన సబ్బు అలాంటిది."

"నీలిమందు వేస్తే తెల్లారేసరికి రంగు పోతోంది. కుళ్ళిన గుడ్డు వాసన కూడా వస్తోంది."

"నువ్వు తెచ్చిన నీలిమందు కూడా అలాంటిదే."

"నాలిక మీద వేసుకుని చూశా అక్కా. పుల్లగా ఉన్నాయి. కొన్నాళ్ళు చివరి జాడింపు కుళాయి నీళ్ళలో చేస్తే?"

"ఆడలేనమ్మ మద్దెల ఓడు అందిట. అత్తగారు ముప్పై ఏళ్ళు జాడించింది ఈ నీళ్ళలోనే. ఆవిడకి లేని పులుపు నీకెక్కడినించి వచ్చింది?"

అది నవ్వి వెళ్ళిపోయింది. ఆ నవ్వుకి నాకు ఇంకా మండింది. నిజం చెప్పాలంటే, ఆ ఆలోచన నాకే వచ్చి ఉంటే ఆ రోజే నీళ్ళు మార్చేదాన్ని. దానికి వచ్చింది, అదీ నా బాధ. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనేవాళ్ళలో నేను ముందు వరసలో ఉంటాను.

నెల తిరక్కుండా ఆసుపత్రి స్టోరు మేడమ్ వచ్చింది. దుప్పట్లూ పచ్చ గౌన్లూ అన్నీ ఆవిడ చేతి మీదుగానే వస్తాయి. సంచీలోంచి ఒక దుప్పటి తీసి కౌంటరు మీద పరిచి, ఒక చోట వేలు పెట్టి నొక్కింది. వేలు అవతలికి వచ్చింది. ఇంకోచోట నొక్కింది. అక్కడా అంతే.

"ఇది కొని ఏడాది కాలేదు. ఏం పోస్తున్నారు దీంట్లో?"

"ఎప్పుడూ పోసేదే."

"ఎప్పుడూ పోసేదైతే ఎప్పుడూ ఇలాగే అవ్వాలి కదా. మీవాళ్ళెవరో బ్లీచింగ్ దంచేస్తున్నారు. చూసుకోండి."

ఆవిడ వెళ్ళగానే షెడ్డులోకి వెళ్ళి మా తోడికోడల్ని కడిగేశాను. అది బ్లీచింగ్ కొలిచే గిన్నె చూపించి, "ఇదిగో అక్కా, గీత దాకానే పోస్తున్నా" అంది. గీత దాకానే ఉంది. నేను చూస్తున్నాను కాబట్టి గీత దాకా పోసిందనుకున్నాను. మనిషి మీద ముందే కోపం ఉంటే సాక్ష్యం ఏదైనా మనవైపే పలుకుతుంది.

తర్వాత మూడు వారాలకి ఆ సంగతి జరిగింది. ఆసుపత్రిలో తుంటి ఎముకకి ఆపరేషన్ అయిన ఒక ముసలాయన్ని, దుప్పటి నాలుగు మూలలూ పట్టుకుని బండి మీంచి మంచం మీదకి మారుస్తున్నారు. దుప్పటి నడిమధ్యకి పర్రున చిరిగింది. ఆయన నేల మీద పడ్డాడు. కట్టిన ఎముక మళ్ళీ విరిగింది. ఇక లేచి నడవడని డాక్టర్లు తేల్చేశారు. ఆ దుప్పటి అంచున నేను ఎర్రదారంతో కుట్టిన మా గుర్తు ఉంది.

మూడు రోజుల్లో కాగితం మీద సంజాయిషీ ఇవ్వమన్నారు. లేకపోతే ఇరవై ఏళ్ళ పని పోతుంది. కలం పట్టుకుని కూర్చున్నాను. మా తోడికోడలు తెల్లబట్టల్లో కొలతకి మించి బ్లీచింగ్ పోస్తోందని రాశాను. వద్దని చెప్పినా వినలేదని రాశాను. అంతవరకూ రాశాక ఉత్తరానికి బలం చాలలేదనిపించింది. "ఈ విషయం నా కళ్ళతో నేను చూశాను" అని కలిపాను. చూడలేదు. కానీ అదే జరిగి ఉంటుందని నా గట్టి నమ్మకం. నమ్మడానికీ చూడడానికీ మధ్య ఎంత దూరముందిలే అనుకున్నాను. ఆమెను పనిలోంచి తీసేశామని చివర్న రాసి సంతకం పెట్టాను.

పంపేముందు ఆ ఉత్తరం మా తోడికోడల్ని చదవనిచ్చాను కూడా. చాటుగా పంపేదాన్ని కాదు నేను. అది నిలబడే చదివింది. చదివి నా మొహంలోకి చూసింది.

"నువ్వు చూశావా అక్కా?"

"చూడందే రాస్తానా?"

అది వాదించలేదు. తన చేతులు రెండూ తిప్పి ఒకసారి చూసుకుని, గుడ్డతో తుడుచుకుని లోపలికి వెళ్ళింది. ఆ వారంలోనే మా మరిది కంపెనీ కొండ కింద ఒక గది చూసి సామాను సర్దేశాడు. వెళ్ళేటప్పుడు నాతో మాట్లాడలేదు. ఇద్దరిలో ఎవరి మీద కోపమో నాకు తెలీలేదు, అడిగి తెలుసుకోవాలనీ అనిపించలేదు.

దానికి ఊళ్ళో ఎక్కడా పని దొరకలేదని విన్నాను. హోటల్లో గిన్నెలు కడగడానికి కూడా రానివ్వలేదట. అందరూ బ్లీచింగమ్మ అని పిలుస్తున్నారట. విని, "చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత" అన్నాను. కౌంటరు దగ్గర ఉన్నవాళ్ళు తలలూపారు.

ఇప్పుడు తెల్లబట్టలు నా చేతికి వచ్చాయి. బ్లీచింగ్ గీత దాకా కాదు, గీతకి కిందే పోశాను. అత్తగారి శాసనం ప్రకారం చివర్న వాననీళ్ళలో రెండేసి సార్లు జాడించాను. పదో రోజున మా ఆయన ఇస్త్రీ బల్ల దగ్గర నుంచి పిలిచాడు.

"ఇటు చూడు. సగం వేడి మీదే పెట్టాను. అయినా బట్ట గోధుమరంగు తిరిగింది."

అక్కడ చేత్తో లాగాడు. బట్ట ఊడి వచ్చింది.

"బ్లీచింగ్ ఎక్కువైతే తెల్లబడి పీలికలవుతుంది. ఇలా మాడదు. ఈ బట్టలో ఇంకేదో ఉండిపోయింది."

"మీకేం తెలుసు?" అన్నాను.

"నాకు ఇస్త్రీ తెలుసు."

ఆ సాయంత్రం రెండు బకెట్లు పెట్టాను. ఒకదాంట్లో కుళాయి నీళ్ళు, ఒకదాంట్లో వాననీళ్ళు. రెండింట్లోనూ చెంచాడు నీలిమందు వేసి కలిపి మూత పెట్టాను. పొద్దున్నే మూత తీస్తే కుళాయి నీళ్ళు నీలంగా ఉన్నాయి. వాననీళ్ళు పాలిపోయి, అడుగున బూడిదరంగు మడ్డి చేరి, కుళ్ళిన గుడ్డు వాసన కొట్టాయి. తొట్టిలోంచి దోసెడు తీసి నోట్లో పోసుకున్నాను. పులుపు పళ్ళకి తగిలింది.

అది చెప్పిన ప్రతి ముక్కా నిజం. ఆ పుల్లనీళ్ళు బట్టలో ఇంకి, తీగ మీద ఆరుతూ చిక్కబడి, ఇస్త్రీ వేడికి నూలునే కొరికేస్తున్నాయి. మేం ఎంత శ్రద్ధగా జాడిస్తే దుప్పటి అంత త్వరగా చచ్చిపోతోంది. ముసలాయన్ని కింద పడేసింది మా అత్తగారి శాసనమూ, దాన్ని పట్టుకుని వేలాడిన నేనూ.

వెంటనే వెళ్ళి చెప్పాలి. తెలుసు. చెప్పులు కూడా వేసుకున్నాను. కౌంటరు దాకా వచ్చాక ఆగిపోయాను. ఏమని చెప్పాలి? చూశానని రాసింది చూడలేదనాలి. స్టోరు మేడమ్ ముందు నిలబడి తప్పు నీళ్ళదనాలి, అంటే మాదనాలి. పని పోతుంది. అంతకన్నా ఎక్కువగా, దాని ముందు తల వంచాలి. అది తిట్టదు, నవ్వుతుంది. ఆ నవ్వు భరించడం నావల్ల కాదనుకున్నాను. చెప్పులు విప్పేశాను.

దొంగకి తేలు కుట్టినట్టు నోరెత్తకుండా పని చక్కబెట్టాను. దోనె ఊడదీసి పక్కన పడేశాను. తొట్టికి రేకు మూత వేసి, పైన రెండు రాళ్ళు పెట్టాను. కుళాయి నీళ్ళలోనే కాస్త బట్టలసోడా వేసి కాచి, తేరిన నీళ్ళతో జాడించాను. దుప్పట్లు మునుపటంత మెత్తగా రాలేదు గానీ చిల్లులు ఆగిపోయాయి.

నెల తర్వాత స్టోరు మేడమ్ వచ్చి బట్ట పట్టి చూసి, "చెడ్డ చెయ్యి పోయింది, దరిద్రం వదిలింది" అంది. నేను నవ్వాను. అవును, నవ్వాను.

మా ఆయన మాత్రం ఒకసారి అడిగాడు. "దానికి చెప్పవా?"

"ఏం చెప్పాలి?"

ఆయన మాటల్ని కూడా ఇస్త్రీ చేసి మడత పెట్టేసే రకం. మళ్ళీ అడగలేదు.

అలా ఏడు నెలలు గడిచాయి. ఈలోగా ఊరు ఉడికిపోవడం మొదలైంది. చెరువులో చేపలు పెంచేవాడి చేపలన్నీ తెల్లగా తేలిపోయాయి. తోటల్లో ఆకులకి మచ్చలు పడి రాలాయి. కొత్తగా వేసిన ఇళ్ళ రేకులు రెండేళ్ళకే జల్లెడలయ్యాయి. జనం అర్జీ పెట్టారు. కాలుష్యం ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చి బడి హాల్లో విచారణ పెడతానన్నాడు. ఆ అర్జీలో ఎవరో ఆసుపత్రి దుప్పట్ల సంగతి కూడా చేర్చారు. ముసలాయన పడిపోవడం కూడా వాన పుణ్యమేనని రాశారు.

విచారణకి ముందురోజు కంపెనీ వకీలు మా కౌంటరు దగ్గరికి వచ్చాడు. మెత్తటి మనిషి. చేతిలో నా ఉత్తరం నకలు ఉంది. ఆసుపత్రివాళ్ళు ఇచ్చారట.

"మీరు కొత్తగా ఏమీ చెప్పక్కర్లేదమ్మా. ఈ సంతకం మీదేనా అని అడుగుతాను. అవును అనండి చాలు. మీ మాట మీరు నిలబెట్టుకోవడమేగా."

"దాంతో మీకేంటి?"

"ఊళ్ళో ఏం చెడినా మా పొగ మీదకే తోస్తున్నారు. ఒక్క దుప్పటి సంగతి తేలిపోతే మిగతావి కూడా అలాంటివేనని అధికారికే అర్థమవుతుంది." వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, కంపెనీ కార్మికుల యూనిఫారాలు ఉతకడానికి మంచి లాండ్రీ కోసం చూస్తున్నామని అన్నాడు. అడగకుండానే అన్నాడు.

హాలు నిండిపోయింది. ఒకవైపు ఊరివాళ్ళు, ఒకవైపు కంపెనీ బట్టల్లో కార్మికులు. వాళ్ళలో మా మరిది ఉన్నాడు. అధికారి పొట్టిగా, నిద్ర చాలని మొహంతో ఉన్నాడు. చేపలవాడి మాట విన్నాక అందరికీ అర్థమయ్యేలా చెప్పాడు. రాతిలోంచి రాగి తీసేటప్పుడు గంధకం పొగై పోతుందట. ఆ పొగ మబ్బులో నీటితో కలిసి ఆమ్లమవుతుందట. వాన పడితే ఆ ఆమ్లమే నేలలోకీ, చెరువులోకీ, కప్పుల మీదకీ దిగుతుందట. "కంటికి మామూలు వానలాగే ఉంటుంది" అన్నాడు. నేను తల దించుకున్నాను.

కంపెనీ వకీలు లేచి, దుప్పటి విషయంలో తన సాక్షి ఒకరున్నారన్నాడు. నా పేరు పిలుస్తాడనుకుని చెంగు సర్దుకున్నాను. పిలిచింది మా తోడికోడల్ని.

ఏడు నెలల తర్వాత దాన్ని చూడడం అదే. చిక్కిపోయింది. ముందుకొచ్చి నిలబడి చేతులు కట్టుకుంది.

"అమ్మా, ఆసుపత్రి దుప్పట్లు ఉతికింది మీరేనా?"

"నేనేనండి."

"బ్లీచింగ్ ఎక్కువ పోశారా?"

ఇప్పుడు మొదలుపెడుతుంది, నీళ్ళ సంగతి, సబ్బు సంగతి, నీలిమందు సంగతి అన్నీ చెప్పి నన్ను ఉతికి ఆరేస్తుంది అనుకున్నాను. ఆ క్షణంలో నిజంగా అదే కావాలనిపించింది. అది చెప్పేస్తే నేను చెప్పక్కర్లేదు.

"పోసే ఉంటానండి" అంది.

"ఉంటాను అంటే?"

"నాకైతే గుర్తు లేదు. గీత దాకానే పోశాననుకున్నా. మొదట్లో నీళ్ళలో ఏదో ఉందని కూడా అన్నాను. కానీ అక్క చూశానంది. అక్కకి నోరెక్కువే గానీ అబద్ధమాడదండి. పైగా నేను వెళ్ళిపోయాక చిల్లులు ఆగిపోయాయి. నీళ్ళు అవే, వాన అదే, తొట్టి అదే. మారింది నేనొక్కదాన్నే. మరి తప్పు నాది కాక ఎవరిదవుతుంది?"

కంపెనీవైపు ఎవరో "బ్లీచింగమ్మ" అన్నారు, నలుగురు నవ్వారు. మా మరిది నవ్వలేదు. వకీలు నావైపు తిరిగి ఉత్తరం ఎత్తి చూపించాడు.

"ఈ సంతకం మీదేనా అమ్మా?"

లేచి నిలబడ్డాను.

"సంతకం నాదే. రాసింది అబద్ధం."

వకీలు మొహం మారింది. అధికారి కలం ఆపాడు. ఆగితే ఇక చెప్పలేనని తెలిసి గబగబా చెప్పేశాను. చూడలేదన్నాను. కోపంతో రాశానన్నాను. దుప్పట్లని తిన్నది వాననీళ్ళేనన్నాను. చిల్లులు ఆగింది అది వెళ్ళిపోవడం వల్ల కాదు, నేను గుట్టుగా నీళ్ళు మార్చడం వల్లనన్నాను.

"ఇది మీకు ఎప్పుడు తెలిసింది?" అధికారి అడిగాడు.

"అది వెళ్ళిన పదకొండో రోజున."

"అది జరిగి ఎన్నాళ్ళైంది?"

"ఏడు నెలలు."

స్టోరు మేడమ్ మూడో వరసలో ఉంది, నావైపు చూడడం మానేసింది. వకీలు మాత్రం తేరుకున్నాడు.

"అయ్యా, అప్పుడు సంతకం పెట్టి మరీ అబద్ధం రాసిన మనిషి ఇప్పుడు నిజం చెబుతోందని ఎలా నమ్మాలి? ఈ దుప్పట్ల విషయం మొత్తం కొట్టేయండి."

అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నా మాట మీద ఆధారపడి ఏమీ రాయలేనన్నాడు. మూత పెట్టిన తొట్టిలో పాత నీళ్ళేమైనా మిగిలి ఉంటే పరీక్షకి పంపిస్తానన్నాడు, అదీ ఏడు నెలల నాటి నీళ్ళు గనక నిలుస్తుందో లేదో చెప్పలేనన్నాడు. అంతా విని ఊరివాళ్ళు నన్ను కంపెనీ వకీలు కన్నా ఎక్కువ అసహ్యంగా చూశారు. నేను ఆ రోజే చెప్పి ఉంటే తాజా నీళ్ళు, తాజా దుప్పట్లు, ఆసుపత్రి కాగితాలు అన్నీ వాళ్ళ చేతిలో ఉండేవి. చేపలవాడు నా కాళ్ళ దగ్గర ఉమ్మి వెళ్ళాడు.

బయట మెట్ల దగ్గర మా మరిది అడ్డం వచ్చాడు. "ఏడు నెలలు దాన్ని నేను కూడా అన్నాను వదినా. అన్నం ముందు కూర్చోబెట్టి అన్నాను. నీ మాట పట్టుకుని." అని పక్కకి తప్పుకున్నాడు.

అది గేటు దగ్గర నిలబడి ఉంది. నవ్వుతుందేమోనని భయపడుతూ దగ్గరికి వెళ్ళాను. నవ్వలేదు.

"అంటే నువ్వు చూడలేదా?"

"లేదు."

"ఒక్కసారి కూడా?"

"లేదు. ఇంటికి రా. మళ్ళీ..."

"నాతో రా" అని ముందు నడిచింది.

ఆసుపత్రి వెనక సందులో ఒక చిన్న ఇంటి ముందు ఆగి, తాళం లేని తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. అలవాటైన ఇల్లని తెలుస్తూనే ఉంది. గదిలో మంచం మీద ఒక ముసలాయన పడుకుని ఉన్నాడు. మూత్రం వాసన, మందుల వాసన. కిటికీలో ఒక గ్లాసు, రేడియో. ఆయన్ని నేను అంతకుముందు చూడలేదు, కానీ ఎవరో చెప్పక్కర్లేకపోయింది.

"వారానికి రెండుసార్లు వచ్చి ఈయన బట్టలు ఉతుకుతున్నాను, మంగళవారం, శుక్రవారం" అంది నాతో. "నా చేతుల వల్లే పడిపోయాడు కదా అని. ఈయనకి ఎవరూ లేరు. మొదటిరోజు నేనెవరో చెప్పి కాళ్ళు పట్టుకున్నాను. గ్లాసు విసిరాడు. తర్వాత రానిచ్చాడు." ఆయనవైపు తిరిగి, "తాతగారూ, ఈవిడ మా తోడికోడలు. మీకో మాట చెప్పాలిట" అంది.

చెప్పాను. హాల్లో చెప్పినంత గబగబా రాలేదు. ఆయన కప్పువైపు చూస్తూ విన్నాడు.

"మొదట బ్లీచింగ్ అన్నారు. ఇప్పుడు వాన అంటున్నారు" అన్నాడు. "ఏదైనా పడుకునేది నేనేగా." మా తోడికోడలివైపు తల తిప్పాడు. "మరి నువ్వెందుకు ఉతికావు ఇన్నాళ్ళూ?"

అది పెదవి కొరుక్కుని ఏడ్చింది. పదకొండేళ్ళు నేనెంత తిట్టినా ఏడవని మనిషి, తన తప్పు కాదని తెలిశాక ఏడ్చింది. నేను భుజం మీద చెయ్యి వేయబోతే పక్కకి జరిగింది.

ఏడుపు ఆపుకుని మంచం కిందనుంచి తడి దుప్పటీ, రెండు పంచెలూ, ఒక తువ్వాలూ తీసి మూటగా చుట్టి నా చేతుల్లో పెట్టింది. పెరట్లో బండ, బకెట్, కుళాయి ఎక్కడున్నాయో చూపించింది. మంగళవారం, శుక్రవారం అని మళ్ళీ చెప్పింది. ఎన్నాళ్ళు అని అడగాలనిపించింది. అడిగే హక్కు నాకు లేదు. లాండ్రీకి ఎప్పుడొస్తావని కూడా అడగలేదు. రాదని దాని నడకలోనే తెలిసింది.

గుమ్మం దాటేటప్పుడు ఆగింది.

"సోడా తక్కువ వెయ్యి. ఆయన వీపు పుండ్లు పడి ఉంది."

గేటు దగ్గర నుంచి ఒక్కసారి కూడా అక్కా అనలేదు. ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచి ఆ పిలుపు లేకుండా అది నాతో మాట్లాడడం ఆ రోజే మొదటిసారి. నేను బండ దగ్గర కూర్చుని, సోడా తక్కువ వేసి, ఉతకడం మొదలుపెట్టాను.